నీళ్లు పడతాయో లేదో తెలియని బోరు: వైద్య పరిశోధనలో ప్రభుత్వ సొమ్ము ఎలా పనిచేస్తుంది

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. 2025 నవంబరు 3న కేంద్ర ప్రభుత్వం పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల కోసం లక్ష కోట్ల రూపాయల నిధిని ప్రారంభించింది. ఆ వార్త వచ్చిన వారంలో ఫైనలియర్ అమ్మాయి ఒకామె క్లాసులో లేచి, "లక్ష కోట్లంట కదా సార్, మన పక్క యూనివర్సిటీ ల్యాబులకు కూడా వస్తాదా?" అని అడిగింది. వెనక బెంచీ అబ్బాయి అందుకున్నాడు. "ఆస్పత్రుల్లో బెడ్లే చాలడం లేదు సార్. ఫలితం వస్తాదో రాదో తెలియని పరిశోధనలకు అన్ని కోట్లు ఎందుకు?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే, గంట కొట్టేలోపు తేలేవి మాత్రం కావు. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

"రిస్క్" అంటే ఎవరికి రిస్క్?

ముందు ఈ మాట దగ్గరే చాలామంది తడబడతారు. "హై రిస్క్ పరిశోధన" అనగానే రోగుల మీద ప్రమాదకరమైన ప్రయోగాలు చేస్తారని అనుకుంటారు. ఆ అనుమానానికి మన తెలుగు నేల మీదే కారణం ఉంది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన అధ్యయనం పెద్ద గొడవై, 2010లో ఆగిపోయింది. జరిగిన మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది కానీ, తల్లిదండ్రుల సమ్మతి తీసుకున్న తీరులో లోపాలు ఉన్నాయని కూడా తేల్చింది. జనం గుర్తుపెట్టుకున్నది ఆ రెండోదాన్నే. అందులో తప్పేమీ లేదు.

పరిశోధన నిధుల గురించి మాట్లాడేటప్పుడు రిస్క్ అంటే అర్థం వేరు. అనుకున్నది జరగకపోయే అవకాశం ఎక్కువ, జరిగితే మాత్రం దాని ప్రయోజనం చాలా పెద్దది అని. ఆ రిస్క్ డబ్బుకు, సమయానికి, శాస్త్రవేత్త ఉద్యోగ జీవితానికి. రోగి భద్రత దగ్గర మినహాయింపు ఉండదు. ఎథిక్స్ కమిటీలు, 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు మామూలు పరిశోధనకు ఎంత వర్తిస్తాయో దీనికీ అంతే వర్తిస్తాయి. అసలు ఇలాంటి పరిశోధనలో ఎక్కువ భాగం మనిషి దగ్గరికి రాకముందే, గాజు పళ్లెంలోనో ఎలుకలోనో ముగిసిపోతుంది. మనుషుల మీద పరీక్షల దాకా వచ్చిన మందుల్లో కూడా చివరికి అనుమతి దక్కేవి సుమారు పదింట ఒకటి.

మా చేనులో బోరు, దాని లెక్క

మా ఊరు కళ్యాణదుర్గం వైపు. నేను ఇంటర్లో ఉన్నప్పుడు మా నాన్న చేనులో బోరు వేయించాడు. పాయింటు పెట్టడానికి ఒక పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ నిలబడిన చోట సున్నంతో గుర్తు వేశాడు. రాత్రి తొమ్మిదికి బోరు బండి వచ్చింది. మూడొందల అడుగుల దాకా పొడి దుమ్మే. రాడ్డు రాడ్డుకూ మేస్త్రీ ఆగి, "ఇంకోటి దించుదామా అన్నా?" అని అడిగేవాడు. అడుగుకింత అని రేటు కాబట్టి ప్రతిసారీ మా నాన్న మనసులో కూడిక వేసుకునేవాడు. 480 అడుగుల దగ్గర తడి మట్టి వచ్చింది. అమ్మ పసుపు కుంకుమ తెచ్చింది. ఆ తర్వాత మళ్లీ తెల్ల రాతిపొడి. తెల్లారేసరికి పక్కనున్న చెనిక్కాయ చేను మీద బూడిద రంగు పొర పరుచుకుని ఉంది. మరుసటేడు రెండో బోరూ అంతే. మూడో బోరుకు అప్పు పుట్టలేదు.

లెక్క కోసం, మా వైపు నాలుగు బోర్లలో ఒకదానికి నీళ్లు పడతాయని అనుకుందాం. రెండు బోర్లకు మాత్రమే డబ్బున్న రైతుకు రెండూ ఎండిపోయే అవకాశం ఎంత? నాలుగింట మూడు, దాన్ని మళ్లీ నాలుగింట మూడుతో గుణిస్తే పదహారింట తొమ్మిది. అంటే నూటికి 56. సగానికి పైగా అవకాశం అతను మునిగిపోవడానికే. ఇప్పుడు అలాంటి రైతులు 40 మంది కలిసి, ఆ డబ్బుతోనే 80 బోర్లు వేసి, పడిన నీళ్లు పంచుకుందామని మాట అనుకున్నారనుకోండి. సగటున 20 బోర్లలో నీళ్లు పడతాయి. ఎనభై కూడా ఎండిపోయే అవకాశం లేదనే చెప్పాలి. రాయి మారలేదు, నీళ్లు మారలేదు, ఒక్కో బోరుకున్న అవకాశమూ మారలేదు. రిస్క్ మోసేవాళ్లు మాత్రమే మారారు.

ప్రభుత్వ నిధి చేసే పని ఇదే. ఒక ప్రొఫెసరు, ఒక చిన్న కంపెనీ మోయలేని నష్టాన్ని వందల ప్రయత్నాల మీద పరిచేస్తుంది. అందుకే ఇలాంటి నిధిని ఒక్కో ప్రాజెక్టు ఫలితంతో కొలిస్తే ఎప్పుడూ తప్పు లెక్కే వస్తుంది. మొత్తం గంపను చూడాలి.

అయితే బోర్ల లెక్కలో రెండు మెలికలున్నాయి. మొదటిది, 80 బోర్లూ ఒకే వంక పక్కన వేస్తే ఈ లెక్క పనిచేయదు. ఎండితే అన్నీ ఎండుతాయి, పడితే ఒకదాని నీళ్లు ఇంకొకటి లాగేసుకుంటుంది. నిధులు ఇచ్చేవాళ్లంతా ఆ ఏడాది పేరున్న ఒకే అంశం వెంట పరిగెత్తితే జరిగేదీ ఇదే. రెండోది, ఎండిన బోరు కూడా ఒక సమాచారమే. ఎన్ని అడుగుల్లో ఏ రాయి తగిలిందో రాసిపెడితే పక్క రైతుకు ఉపయోగం. మా ఊళ్లో ఎవరూ రాయలేదు. మా నాన్న వేసిన చోటికి ఇరవై గజాల దూరంలో మూడేళ్ల తర్వాత ఇంకొకాయన వేసి, అదే రాయిని చూశాడు.

హెచ్ఐవీ టీకా ఈ రెండో మెలికకు మంచి ఉదాహరణ. దశాబ్దాలుగా ప్రభుత్వాలు దాని మీద ఖర్చు పెడుతూనే ఉన్నాయి. ఆఫ్రికాలో జరిగిన పెద్ద ట్రయల్స్ 2020లో ఒకటి, 2021లో ఒకటి ఆగిపోయాయి. 2023 జనవరిలో ఇంకొకటి ఆగింది. టీకా ఈనాటికీ రాలేదు. కానీ ఆ ప్రయత్నాల్లో వాడి చూసిన ఒక అడినోవైరస్ వాహకమే (టీకా సరుకును ఒంట్లోకి మోసుకెళ్లే, జబ్బు తేకుండా మార్చిన వైరస్) కోవిడ్ టీకాల్లో ఒకదానికి ఆధారమైంది. ఎండిన బోర్ల లెక్కలు రాసిపెట్టుకున్నారు కాబట్టే అది కుదిరింది.

కంపెనీలు చేయొచ్చు కదా? పాముకాటు దగ్గర చూద్దాం

మందులు కనిపెట్టడం కంపెనీల పని, ప్రభుత్వానికి ఎందుకు అనేవాళ్లు ఉన్నారు. ఆ వాదనలో బలం ఉంది. మధుమేహం, రక్తపోటు లాంటి జబ్బులకు కొనేవాళ్లు కోట్లలో ఉన్నారు కాబట్టి కంపెనీలు తమ డబ్బుతోనే పరిగెత్తుతాయి. అక్కడ ప్రభుత్వం డబ్బు పెడితే కంపెనీ ఎలాగూ పెట్టబోయే ఖర్చును జనం నెత్తిన వేసుకున్నట్టే.

చెనిక్కాయ చేనులో పాముకాటు సంగతి వేరు. చెట్టు పీకేటప్పుడు, రాత్రి మోటరు వేయడానికి పోయేటప్పుడు కరుస్తుంది. కరిచేది ఎక్కువగా కూలీని, చిన్న రైతును. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేలు. చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల జబ్బుల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు వాడే విరుగుడు తయారీ పద్ధతి మూలంలో 1890ల నాటిది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన విరుగుడు పదార్థాలను తీసి శుద్ధి చేస్తారు. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషాలకు కలిపి ఒకే మందు. ఆ విషంలో ఎక్కువ భాగాన్ని 1978లో ఏర్పడిన ఇరుల తెగవారి సహకార సంఘం చెన్నై దగ్గర సేకరిస్తుంది. ఈ మందు లక్షల ప్రాణాలు నిలబెట్టింది. దాని పరిమితులూ అందరికీ తెలిసినవే. గుర్రం ప్రొటీన్ పడక కొందరికి తీవ్రమైన రియాక్షన్ వస్తుంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి, తమిళనాడు పాము విషంతో చేసిన మందు వేరే చోట అంత బాగా పనిచేయకపోవచ్చు. పది సీసాలతో మొదలుపెట్టి ఇంకా ఎక్కించాల్సి వస్తుంది.

దీనికి బదులు గుర్రంతో పనిలేకుండా, ప్రయోగశాలలోనే మనిషి యాంటీబాడీ, అంటే విషాన్ని పట్టుకుని ఆపే ప్రొటీన్, తయారుచేస్తే? ఇరవై ఏళ్ల కింద ఇది నిధులు ఇచ్చేవాళ్ల ముందు పెట్టడానికే మొహమాటపడాల్సిన ఆలోచన. విషంలో ఒకటి కాదు, పదుల రకాల ప్రొటీన్లు ఉంటాయి. ఒక్క యాంటీబాడీ ఎన్నింటిని అడ్డుకుంటుంది? 2024 ఫిబ్రవరిలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ శాస్త్రవేత్తలు కలిసి అలాంటి ఒక యాంటీబాడీని ప్రకటించారు. నాగుపాము, కట్లపాము, ఆఫ్రికా మాంబా విషాల్లో నరాలను పడగొట్టే ఒక ముఖ్యమైన ప్రొటీన్ల గుంపును అది ఎలుకల్లో అడ్డుకుంది. 2025 జనవరిలో ఇంకొక బృందం, కంప్యూటర్‌లో కొత్తగా రూపకల్పన చేసిన చిన్న ప్రొటీన్లతో అలాంటి విషాన్నే ఎలుకల్లో ఆపగలిగింది.

ఏ కంపెనీ లెక్కలోనూ ఈ పని ముందు వరుసలో ఉండదు. కొనేవాడు కళ్యాణదుర్గం కూలీ అయితే, లేదా అతని తరఫున కొనే ప్రభుత్వ ఆస్పత్రి అయితే, పెట్టిన వందల కోట్లు తిరిగి రావు. వైద్య అవసరం కొండంత ఉన్నా మార్కెట్ గోరంత. ఈ ఖాళీని పూడ్చేది ప్రభుత్వ నిధి, దానితోపాటు కొన్ని ధర్మసంస్థల డబ్బు.

ముప్పై ఏళ్లు పట్టిన ఐదు చుక్కలు

మన దేశంలోనే మొదటి నుంచి చివరి దాకా కనిపించే కథ ఒకటుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం ఒక వింత గమనించింది. కొందరు పసికందులకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ సోకింది కానీ విరేచనాలు లేవు. వాళ్లలో ఉన్న ఆ వైరస్ రకానికి 116ఇ అని పేరు పెట్టారు. జబ్బు తేని ఈ వైరస్సే టీకా అవుతుందా అన్నది ప్రశ్న. అప్పటికి అది ప్రశ్న మాత్రమే.

కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ప్రభుత్వ సంస్థలు, తర్వాత గేట్స్ ఫౌండేషన్ లాంటి దాతలు, హైదరాబాద్ భారత్ బయోటెక్ కలిసి దాన్ని దశలవారీగా ముందుకు నడిపించారు. ఢిల్లీ, పుణే, వెల్లూరుల్లో దాదాపు 6,800 మంది పసిపిల్లల మీద జరిగిన చివరి దశ ట్రయల్ ఫలితాలు 2014లో పరిశోధన పత్రంగా అచ్చయ్యాయి. తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను మొదటి ఏడాది సగానికి పైగా తగ్గించింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో మొదట పెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. కడప జిల్లాలో ఏ సబ్‌సెంటర్‌కైనా ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లికి ఏఎన్ఎం వేసే రోటా చుక్కల వెనక ఈ ముప్పై ఏళ్లున్నాయి.

దీనిలో నాకు ముఖ్యంగా కనిపించేది ఓపిక. ఆ ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు "ఇంకా రాలేదా?" అని అడిగి ఆపేయొచ్చో ఆలోచించండి. "ఇంకో రాడ్డు దించుదామా?" అన్న ప్రశ్నకు ప్రతిసారీ ఎవరో సరే అన్నారు. అలాగని ఊరికే సరే అనలేదు. ప్రతి దశలో చిన్న పరీక్ష, అది గడిస్తేనే పెద్ద పరీక్ష. 10 కోట్లున్న నిధి ఇదే పద్ధతిలో నడిస్తే ఇలా ఉండొచ్చు: మొదట 40 ఆలోచనలకు తలా 10 లక్షలు, అంటే 4 కోట్లు. వాటిలో ఆశ కనిపించిన 8 ప్రాజెక్టులకు తలా 50 లక్షలు, ఇంకో 4 కోట్లు. చివరికి నిలిచిన రెండింటికి తలా కోటి. నలభైలో 38 "ఫెయిల్" అయినట్టు పైకి కనిపిస్తుంది. నిజానికి మొదటి దశలోనే ఆగిన 32 ప్రాజెక్టులకు అయిన ఖర్చు మూడు కోట్ల ఇరవై లక్షలే. అదే 10 కోట్లు మొదటి రోజే రెండు ప్రాజెక్టులకు ఇచ్చేసి ఉంటే రిస్క్ ఇంకా ఎక్కువ, నేర్చుకునేది ఇంకా తక్కువ.

కొత్త ఆలోచన సగటు మార్కుల్లో ఎలా ఓడిపోతుంది

నిధి ఎవరికివ్వాలో సాధారణంగా ఆ రంగంలోని తోటి శాస్త్రవేత్తలే తేలుస్తారు. ప్రతిపాదన చదివి మార్కులు వేస్తారు. ఐదుగురు నిపుణులు ఉన్నారనుకోండి. మొదటి ప్రతిపాదన ఇప్పటికే తెలిసినదాన్ని ఒక మెట్టు ముందుకు తీసుకెళ్లేది. ఐదుగురూ పదికి ఏడు వేశారు, సగటు 7. రెండోది ఎవరూ అడుగు పెట్టని చోటికి వెళ్లేది. ఒకరు 10, ఒకరు 9, ఒకరు 8, మిగతా ఇద్దరు "ఇది జరిగే పని కాదు" అని తలా 3. సగటు 6.6. గీత 7 దగ్గర గీస్తే మొదటిది గట్టెక్కుతుంది, రెండోది పోతుంది. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ తెలివితక్కువవాళ్లు కారు. సగటు తీయడంలోనే జాగ్రత్తపరుడికి అనుకూలత ఉంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ శాస్త్రవేత్త కాటలిన్ కరికో. ఏ ప్రొటీన్ చేయాలో కణానికి చెప్పే ఎంఆర్ఎన్ఏ అనే అణువుతో మందులు చేయొచ్చన్న ఆమె ఆలోచనకు గ్రాంట్లు రాలేదు. 1995లో ఆమె పనిచేస్తున్న యూనివర్సిటీ ఆమె హోదా తగ్గించింది. 2005లో డ్రూ వైస్‌మన్‌తో కలిసి ఆమె ప్రచురించిన పనే తర్వాత కోవిడ్ టీకాలకు పునాది అయింది, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ కథ చెప్పి నిపుణుల కమిటీలన్నీ దండగ అనేవాళ్లున్నారు. నేను అంత దూరం పోలేను. గెలిచిన కరికో మనకు కనిపిస్తుంది. అదే ధైర్యంతో తప్పు ఆలోచనను పట్టుకుని ముప్పై ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లు కనిపించరు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చిన లక్షకు పైగా గ్రాంట్లను పరిశీలించిన 2015 నాటి అధ్యయనంలో, నిపుణులు మంచి స్కోరిచ్చిన ప్రాజెక్టుల నుంచే సగటున ఎక్కువ పరిశోధన పత్రాలు, పేటెంట్లు వచ్చాయని తేలింది. 2016లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ప్రతిపాదన ఎంత కొత్తగా ఉంటే నిపుణులు అంత తక్కువ మార్కులు వేశారని తేలింది. రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు. కమిటీ చెత్తను బాగానే ఏరేస్తుంది, దాంతోపాటు వింతగా కనిపించే గింజలు కొన్ని పోతాయి.

దీనికి దేశదేశాల్లో రకరకాల దారులు ప్రయత్నించారు. ఎన్ఐహెచ్ 2004లో పయనీర్ అవార్డు పెట్టి, ప్రాజెక్టు వివరాల కంటే మనిషిని నమ్మి ఐదేళ్లకు డబ్బిచ్చే పద్ధతి తెచ్చింది. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013లో ఒక చిన్న పథకంలో, కనీస అర్హత దాటిన ప్రతిపాదనల నుంచి చీటీలు తీసినట్టు లాటరీ తీయడం మొదలుపెట్టింది. వినగానే ఉలిక్కిపడతాం. కానీ ముందు చెత్తను నిపుణులే ఏరేస్తారు, నిజంగా తేడా చెప్పలేని చోటే లాటరీ. చెప్పలేనప్పుడు చెప్పగలిగినట్టు నటించడం కంటే అది నిజాయితీ అని దాన్ని సమర్థించేవాళ్ల వాదన. జనం సొమ్ము విషయంలో ఎందుకిచ్చామో కారణం చెప్పగలగాలి కదా అని ఎదుటివాళ్ల వాదన.

మూడో దారి అమెరికా రక్షణ శాఖలోని డార్పా అనే పరిశోధన సంస్థది. అక్కడ కమిటీ కాదు, కొన్నేళ్ల గడువుతో వచ్చిన ఒక ప్రోగ్రామ్ మేనేజర్ నిర్ణయిస్తాడు. మైలురాయి దాటకపోతే మధ్యలోనే ఆపేస్తాడు. 2013లో మోడెర్నా అనే కంపెనీకి ఎంఆర్ఎన్ఏ మీద పనికి గరిష్ఠంగా 2.5 కోట్ల డాలర్లు ఇస్తామన్నది ఈ డార్పాయే. 2022లో ఆరోగ్య రంగానికి అదే తరహాలో ఆర్పా-హెచ్ పెట్టారు. వేగం బాగుంటుంది, కానీ అంతా ఆ ఒక్క మేనేజరు చూపు మీద ఆధారపడుతుంది.

మనిషిని నమ్మి ఎక్కువ కాలం ఇస్తే నిజంగా తేడా ఉంటుందా? 2011లో ముగ్గురు ఆర్థికవేత్తలు, వైఫల్యాన్ని సహించి దీర్ఘకాలం డబ్బిచ్చే హోవర్డ్ హ్యూస్ సంస్థ శాస్త్రవేత్తలను, దాదాపు అదే స్థాయిలో ఉండి ఎన్ఐహెచ్ మామూలు గ్రాంట్లతో పనిచేసేవాళ్లతో పోల్చారు. మొదటివాళ్ల నుంచి గొప్పగా పేరొచ్చిన పత్రాలు చాలా ఎక్కువ వచ్చాయి. ఎవరూ పట్టించుకోని పత్రాలూ ఎక్కువే వచ్చాయి. ఆ రెండో వాక్యం వల్లే నేను ఈ ఫలితాన్ని నమ్ముతాను.

లక్ష కోట్లు, యాభై వేల కోట్లు: మన దగ్గర ఏ డబ్బు దేనికి

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు. లక్ష కోట్ల నిధి యూనివర్సిటీ ల్యాబులో పుట్టే తొలి ఆలోచన కోసం కాదు. అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలం ఇచ్చే అప్పు, లేదా స్టార్టప్‌లలో పెట్టే వాటా. ఉచిత గ్రాంటు కాదు. సాంకేతికత ఎంత పక్వానికి వచ్చిందో ఒకటి నుంచి తొమ్మిది దాకా మెట్లలో కొలుస్తారు. ఈ నిధి నాలుగో మెట్టు, ఆపైన ఉన్నవాటికి. అంటే ల్యాబులో పనిచేస్తుందని అప్పటికే చూపించి ఉండాలి. బయోటెక్నాలజీ, మందులు, వైద్య పరికరాలు దాని పరిధిలో ఉన్నాయి. బోరు భాషలో చెప్పాలంటే, నీళ్లు పడ్డాక మోటరు, పైపులైను కొనుక్కోవడానికి ఇచ్చే అప్పు అది.

పాయింటు పెట్టి తవ్వే దశకు వేరే గుమ్మాలున్నాయి. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50 వేల కోట్లు అనుకున్నారు. అందులో ప్రభుత్వం నేరుగా ఇచ్చేది 14 వేల కోట్లు, మిగతాది పరిశ్రమల నుంచి, దాతల నుంచి రావాలి. అది వచ్చేదాన్ని బట్టి ఈ అంకె అర్థం మారిపోతుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలను పెద్ద సంస్థలతో ముడిపెట్టే పెయిర్ అనే పథకం ఈ ఫౌండేషన్‌దే. అనంతపురం, కడప యూనివర్సిటీల వాళ్లు చూడాల్సింది దీనివైపు. ఆలోచన ఉండి కంపెనీ పెడదామనుకునేవాళ్లకు కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కింద 2012లో పుట్టిన బైరాక్ సంస్థ ఇచ్చే 'బిగ్' అనే గ్రాంటు ఉంది. 18 నెలలకు గరిష్ఠంగా 50 లక్షలు. ఇక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2024లో తెచ్చిన "ఫస్ట్ ఇన్ ద వరల్డ్" పోటీ, పేరులో ఉన్నట్టే, ప్రపంచంలో ఇంకా ఎవరూ చేయని వైద్య ఆలోచనల కోసం. మన దేశంలో రిస్క్‌ను దాచకుండా పైకి చెప్పిన పథకాల్లో ఇదొకటి.

పరిశోధన మీద దేశం పెట్టిన మొత్తం ఖర్చు 2020-21 లెక్క ప్రకారం జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియా ఐదు శాతానికి దగ్గరలో ఉంది.

మార్చి 31, ఫ్రీజరు మీద ఎర్ర అంకెలు

డబ్బు ఎంత అన్నది ఒకటి, ఎప్పుడు చేతికొస్తుంది అన్నది ఇంకొకటి. నేను పీహెచ్‌డీ చేసిన చోట మా ప్రాజెక్టు రెండో ఏడాది డబ్బు ఏప్రిల్లో రావాలి. ఫిబ్రవరి ఆఖరుకు వచ్చింది. మార్చి 31లోగా ఖర్చు చేసి యూసీ (డబ్బు వాడినట్టు ఇచ్చే ధ్రువపత్రం) పంపాలి. మూడు కొటేషన్లు తేవాలి, కమిటీ కూర్చోవాలి, మాకు కావలసిన యాంటీబాడీ సీసా డ్రై ఐస్‌లో రావడానికే ఆరు వారాలు. చివరికి ఏం కొన్నామంటే, త్వరగా దొరికేవి కొన్నాం.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు ఉంది, డీజిల్ లేదు. డీజిల్ ఏ పద్దు కింద కొనాలో తేలక ఫైలు అటూ ఇటూ తిరుగుతోంది. మైనస్ 80 ఫ్రీజరు తలుపు మీద ఎర్ర అంకెలు మారుతుంటే నేను, మా జూనియర్ నిలబడి చూశాం. మైనస్ 74. మైనస్ 61. తలుపు తెరిస్తే ఇంకా తొందరగా కరుగుతుందని తెరవలేదు. గోనెసంచులు తడిపి చుట్టూ కప్పాం, దానివల్ల లాభం లేదని తెలిసి కూడా. రాత్రికి మైనస్ 12. పద్నాలుగు నెలలు పల్లెల్లో తిరిగి సేకరించిన రక్తం నమూనాలు అందులో ఉన్నాయి. రక్తం ఇచ్చినవాళ్లలో ఒక అవ్వ, "దీంతో ఎవురికన్నా మంచి జరిగితే చాలు నాయనా" అనింది. ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. మా ప్రాజెక్టు ఫెయిలైంది, కానీ శాస్త్రపరమైన రిస్క్ వల్ల కాదు. ఈ రెండు రకాల వైఫల్యాలను కాగితం మీద ఒకే గడిలో రాస్తారు. అది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

నిబంధనలు పెట్టినవాళ్ల వైపూ న్యాయం ఉంది. జనం సొమ్ముకు లెక్క చెప్పాలి, కాగ్ అడిగితే చూపించాలి. మూడు కొటేషన్ల నియమం లేకపోతే బంధువుల దుకాణాల నుంచి కొనేవాళ్లూ ఉంటారు. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర సంస్థలకు కొనుగోలు నిబంధనలు కొంత సడలించింది. నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలకు పెరిగింది. చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, ఒక సీసా కోసం ఆరు వారాలు ఎదురుచూసినవాళ్లకు చిన్నది కాదు.

"ముందు బెడ్లు, తర్వాత పరిశోధన" అనే వాదన

ఆ అబ్బాయి మాట పక్కన పెట్టేది కాదు. కర్నూలు పెద్దాసుపత్రికి ఇటు మన జిల్లాల నుంచి, అటు గద్వాల నుంచి, రాయచూరు నుంచి కూడా రోగులు వస్తారు. అక్కడ వరండాలో కూర్చుని ఎదురుచూసే మనిషికి 2040లో వచ్చే మందు గురించి చెప్పడం అన్యాయంగానే ఉంటుంది. ఇప్పటికే ఉన్న మందు, ఉన్న డాక్టరు, ఉన్న అంబులెన్సు సమయానికి అందితే ఆగే చావులు ఎన్నో ఉన్నాయి. పాముకాటులో అయితే మరీ.

కొలతలు మాత్రం చూడాలి. 2025-26 బడ్జెట్లో కేంద్ర ఆరోగ్య శాఖకు దాదాపు లక్ష కోట్లు ఉంటే, అందులో ఆరోగ్య పరిశోధన విభాగానిది సుమారు 3,900 కోట్లు. వందలో నాలుగు రూపాయలు. ఆ నాలుగులో రిస్క్ ఎక్కువున్న ఆలోచనలకు వెళ్లేది ఇంకా చిన్న ముక్క. ఆ ముక్కను ఆపేసినా బెడ్ల కొరత తీరదు. రోటావైరస్ చుక్కలు మాత్రం పసిపిల్లలను ఆస్పత్రి దాకా రానివ్వకుండా ఆపి, బెడ్లు ఖాళీగా ఉంచుతున్నాయి. అందుకే నేను పరిశోధన వైపు మొగ్గుతాను.

నాకు ఇంకా జవాబు దొరకని చిక్కు ధర దగ్గర ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్19 అనే రక్త క్యాన్సర్ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. బైరాక్ ద్వారా ప్రభుత్వ సొమ్ము అందులో ఉంది. అమెరికాలో ఇలాంటి చికిత్సకు అయ్యే ఖర్చులో ఇది పదో వంతు, నిజంగా గర్వపడాల్సిన సంగతి. అయినా వచ్చిన కొత్తలో దాని ఖర్చు 40 లక్షల దాకా ఉండేది. ఆదోనిలో మిల్లు కూలీకి నాలుగు కోట్లకూ నలభై లక్షలకూ తేడా తెలియదు, రెండూ అందనివే. కంపెనీ ఖర్చు రాబట్టుకోకపోతే తర్వాతి చికిత్స రాదన్నది ఒక వాదన. తొలి రిస్క్ జనం మోసినప్పుడు ధరలో జనానికి వాటా ఉండాలన్నది ఇంకొకటి. రోటావైరస్ టీకా విషయంలో డోసు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ అనుమతి రాకముందే మాటిచ్చింది. ధర మాట బోరు వేయకముందే మాట్లాడుకోవాలి, నీళ్లు పడ్డాక కాదు అని నాకనిపిస్తుంది. ప్రభుత్వ నిధులతో వచ్చిన ఆవిష్కరణల హక్కుల మీద 2008లో పార్లమెంటులో పెట్టిన బిల్లు, చట్టం కాకుండానే 2014లో వెనక్కి వెళ్లింది.

ఇక పాముకాటు దగ్గరికే మళ్లీ వస్తే, 2024 మార్చిలో కేంద్రం పాముకాటు చావులను 2030కల్లా సగానికి తగ్గించాలని జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. బెంగళూరు యాంటీబాడీ మనుషుల మీద పరీక్షల దాకా రావడానికి ఇంకా సమయం పడుతుంది. అదీగాక అది నరాలను పడగొట్టే నాగుపాము, కట్లపాము విషాల మీద పనిచేసేది. మా చేలల్లో తిరిగే పింజరుల విషం రక్తం గడ్డకట్టకుండా చేసి, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఆ విషం తయారీయే వేరు, దానికి వేరే యాంటీబాడీలు వెతకాలి, ఒకటి సరిపోదు, కొన్నింటిని కలపాల్సి వస్తుంది. ఈ ఏడాది చెనిక్కాయ పీకే నాటికి మా ఊరి పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో ఉండేది గుర్రం రక్తంతో చేసిన ఆ పది సీసాలే.